అమ్మ గురించి, అమ్మమ్మ గురించి రాసిపెట్టాలంటే: ఎక్కడ మొదలుపెట్టాలి, ఏం అడగాలి, ఏం వదిలేయాలి

ఇంట్లో కాస్తో కూస్తో రాయడం వచ్చినవాళ్లకు ఈ పని తప్పదు. "అమ్మ గురించి నువ్వే ఏదో ఒకటి రాయి, నీకైతే చేతనవుతుంది" అంటారు. కాగితం ముందు కూర్చోగానే మాటలు వాటంతటవే వచ్చేస్తాయి: ప్రేమమూర్తి, త్యాగమయి, ఓర్పుకు మారుపేరు. అన్నీ నిజమే కావచ్చు. కానీ పేరు మార్చి పక్కింటివాళ్లకిస్తే వాళ్ల అమ్మకీ అంతే చక్కగా సరిపోతాయి. పదేళ్ల తర్వాత మనవరాలు చదివితే అందులో ఆమెకు ఫ్రేము కట్టిన ఫొటో తప్ప మనిషి కనపడదు.

కాబట్టి ఇక్కడ చెప్పేదంతా ఒకే పని గురించి: ఇంకెవరి అమ్మకీ సరిపోని నాలుగు పేజీలు రాయడం. ఆమె ఉండగానే మొదలుపెట్టగలిగితే అంతకంటే అదృష్టం లేదు. పోయాక మొదలుపెట్టినా మీరు అనుకున్నదానికంటే ఎక్కువే దొరుకుతుంది.

1. రాయడం తర్వాత, ముందు ఆగనివాటి సంగతి చూడండి

రాత ఒక నెల ఆలస్యమైనా ఏం కాదు. కొన్ని మాత్రం మన కోసం ఆగవు. వాటిలో మొదటిది గొంతు. ఫొటోలు ప్రతి ఇంట్లో గుట్టలుగా ఉంటాయి. గొంతు మాత్రం ఏ వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లోనో, ఎవరిదో పుట్టినరోజు వీడియోలో వెనక నుంచి వినపడే రెండు ముక్కల్లోనో ఉంటుంది.

ఆమె ఫోన్‌ని రీసెట్ చేసి ఎవరికీ ఇచ్చేయకండి. రీచార్జి ఆపేస్తే కొన్నాళ్లకు నంబరు రద్దయి వేరేవాళ్లకు వెళ్లిపోతుంది. 120 రోజులు వాడకపోతే వాట్సాప్ ఖాతా మామూలుగా తొలగిపోతుంది. గూగుల్ ఖాతాకి రెండేళ్ల గడువు. ఆ నిబంధన 2023 చివర్లో అమల్లోకి వచ్చింది, ఖాతా పోతే అందులో దాచిన ఫొటోలూ పోతాయి. అందుకని ఇంట్లో ప్రతివాళ్లూ తమ ఫోన్లో ఆమెతో ఉన్న చాట్ తెరిచి, 'ఎక్స్‌పోర్ట్ చాట్' నొక్కి, మీడియాతో సహా ఈమెయిల్‌కో డ్రైవ్‌కో పంపుకోవాలి. వాయిస్ మెసేజ్‌లు అర్థంకాని పేర్లతో వస్తాయి. అప్పుడే పేరు మార్చి, ఎప్పటిదో ఎవరికి పంపిందో రాసుకోండి. "ఫోన్ ఎత్తవేంట్రా, మందులు వేసుకున్నావా" అన్న చిన్న మెసేజే తర్వాత అందరూ మళ్లీ మళ్లీ పెట్టుకుని వినేది.

ఫోన్ చేతికొచ్చింది కదా అని ఆమె మెసేజ్‌లన్నీ చదవక్కర్లేదు. చెల్లెలితో చెప్పుకున్న కష్టసుఖాలు మన కోసం చెప్పినవి కావు. నన్నడిగితే, మనతో మాట్లాడినవి మనం దాచుకుని, మిగతావి ఆయా మనుషులకే వదిలేయడం మర్యాద. ఆమె ఇంకా ఉంటే పక్కన కూర్చుని ఐఫోన్‌లోనైతే 'లెగసీ కాంటాక్ట్', గూగుల్‌లోనైతే 'ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్' ఆమె చేతే పెట్టించండి. తన తర్వాత ఏది ఎవరు చూడాలో ఆమే తేల్చి చెప్పినట్టవుతుంది.

ఫొటోల విషయంలో మనవాళ్లు చేసే పెద్ద తప్పు వెనక వైపు చూడకపోవడం. స్టూడియో ముద్ర, తేదీ, ఎవరో గబగబా రాసిన రెండు అక్షరాలు అక్కడే ఉంటాయి. ముందు వైపు స్కాన్ చేసిన ప్రతిసారీ వెనక వైపూ చేయండి. అంతే సైజులో అచ్చు వేసుకోవడానికి స్కానర్‌లో 300 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలో చెప్పే లెక్క) చాలు, చిన్న ఫొటోని పెద్దది చేయాలంటే 600 పెట్టుకోండి. స్కానర్ లేకపోతే కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట బల్ల మీద పరిచి, ఫ్లాష్ ఆపేసి ఫోన్‌తో తీసినా బాగానే వస్తుంది. ఫొటో వెనక పేర్లు రాయాలంటే మెత్తటి పెన్సిల్‌తో అంచున, నొక్కకుండా రాయండి. బాల్‌పెన్ గీత ముందు వైపుకి ఉబ్బి కనపడుతుంది. జిగురు పేజీల ఆల్బమ్‌లో అతుక్కుపోయిన ఫొటోని లాగితే చిరుగుతుంది, రాకపోతే పేజీతో సహా ఫొటో తీసి వదిలేయండి. క్యాసెట్లు, వీడియో టేపులు ఉంటే ముందు వాటినే డిజిటల్ చేయించండి. లోపలి టేపు ఏటికేడు పాడవుతూనే ఉంటుంది, పైగా వాటిని ఆడించే మెషిన్లే దొరకడం లేదు.

అంతా ఒకచోట చేరాక మూడు కాపీలు ఉండాలి. అవి రెండు రకాల చోట్ల, అంటే ఒకటి హార్డ్ డిస్క్‌లో, ఒకటి ఆన్‌లైన్‌లో ఉండాలి. కనీసం ఒకటి వేరే ఇంట్లో ఉండాలి. ఇక టెన్షన్ ఉండదు, తాపీగా రాసుకోవచ్చు.

2. ఎవరి కోసమో తేల్చుకోండి

సంస్మరణ సభలో చదివే మాటలు వేరు, పత్రికలో వేసే చిన్న ప్రకటన వేరు, మనవల కోసం దాచే పుస్తకం వేరు. సభలోనైతే అయిదారు నిమిషాలు దాటితే వినేవాళ్లకీ కష్టం, చదివేవాళ్లకీ కష్టం. ఒక పేజీని టైమర్ పెట్టి పైకి చదివి చూసుకుంటే ఎంత రాయాలో తెలిసిపోతుంది. పుస్తకమైతే తొందర లేదు. ఏదైనా సరే, ఒకే ఒక్క మనిషిని మనసులో పెట్టుకుని రాయండి. ఆమెను చూడని, లేదా చూసినా గుర్తులేని పిల్లను ఎదురుగా ఊహించుకుంటే మంచిది. మనిషికి మొదటి జ్ఞాపకం సాధారణంగా మూడు, మూడున్నరేళ్ల వయసు దగ్గర మొదలవుతుంది. అంతకంటే చిన్నపిల్లలు ఆమె ఒడిలో పెరిగినా వాళ్లకేమీ మిగలదు, మీరు రాసిందే మిగులుతుంది.

3. సంవత్సరాల పట్టిక వేయండి, వయసు గడి మాత్రం మానకండి

పెద్ద కాగితం మీద నాలుగు గడులు గీయండి: సంవత్సరం, అప్పటికి ఆమె వయసు, ఏం జరిగింది, ఎవరు చెప్పారు. పుట్టడం, చదువు, పెళ్లి, పిల్లలు, ఇళ్లు మారడం, ఉద్యోగం, ఆపరేషన్లు, మనవలు, ఇలా తెలిసినవన్నీ వేయండి. తెలియని చోట ఖాళీ వదలండి. ఎవరిని ఏం అడగాలో ఆ ఖాళీలే చెబుతాయి.

"పెద్దవాడు పుట్టాడు" అని రాసి పక్క గడిలో 19 అని వేసినప్పుడు చెయ్యి ఆగిపోతుంది. మనకు తెలిసిన అమ్మకు ఎప్పుడూ వయసు లేదు, ఎప్పుడూ పెద్దదే. ముప్ఫై నాలుగేళ్లకి ముగ్గురు పిల్లలతో, మంచం పట్టిన అత్తగారితో ఒక అద్దె ఇల్లు నడిపిందని అంకెల్లో చూస్తే, అప్పట్లో ఎందుకంత చిరాకు పడేదో కూడా అర్థమవుతుంది. ఇప్పుడు మీ వయసెంతో పక్కనే వేసుకుని చూడండి.

తేదీల కోసం ఎవరినీ పీడించకండి. మనుషులకు సంవత్సరాలు గుర్తుండవు, "తమ్ముడు పుట్టకముందు", "ఆ మేడ మీద ఇంట్లో ఉండగా" అనేవి గుర్తుంటాయి. అలాగే రాసుకుని తర్వాత కాగితాలతో సరిచూసుకోండి. బడి సర్టిఫికెట్, పాస్‌పోర్టు, ఆస్పత్రి ఫైలు, ఉద్యోగంలో చేరిన ఉత్తర్వు పనికొస్తాయి. పుట్టినతేదీ రెండు చోట్ల రెండు రకాలుగా ఉంటే కంగారు పడకండి. రెండూ రాసి, ఏది ఎక్కడ దొరికిందో పక్కన వేయండి.

4. మనుషుల్ని విడివిడిగా కలవండి

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి అడిగితే ఎవరి గొంతు పెద్దదో వాళ్ల కథే మిగులుతుంది. చిన్నవాళ్లు "ఆ, అంతే అంతే" అని ఊరుకుంటారు. ముందు ఒక్కొక్కరితో మాట్లాడండి. అందరూ కలిసి కూర్చోవడం ఆ తర్వాత. అప్పుడు తగాదా వచ్చినా మంచిదే, అందులోంచి కొత్త విషయాలు బయటపడతాయి.

మన ఇంటి మనుషుల దగ్గరే ఆగిపోకండి. కొడుకూ కూతురూ ఆమెను అమ్మగానే చూశారు. ఆమెతో కలిసి చదువుకున్నవాళ్లు, పనిచేసినవాళ్లు, పక్కింట్లో ఇరవై ఏళ్లు ఉన్నవాళ్లు, ఆమె కోడళ్లు, అల్లుళ్లు చూసిన మనిషి వేరు. కోడలిని తప్పకుండా అడగండి. కూతురు చెప్పలేనివి కోడలు చెబుతుంది, అదీ చాలాసార్లు ప్రేమగానే.

కూర్చునే ముందు ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ఫ్యానూ టీవీ ఆపేసి, మాట్లాడే మనిషికి చేయి చాపితే అందేంత దూరంలో ఉంచండి. రికార్డు చేస్తున్నానని చెప్పి, సరేనంటేనే మొదలుపెట్టండి. మొదట తేదీ, మీ పేరు, వాళ్ల పేరు పైకి చెప్పండి. ఒక నిమిషం రికార్డు చేసి విని చూసుకోండి. ఎంతసేపు అంటే, అమెరికాలో 2003లో న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ రైల్వే స్టేషన్లో చిన్న గది పెట్టి మామూలు మనుషుల కబుర్లు రికార్డు చేయడం మొదలుపెట్టిన స్టోరీకార్ప్స్ అనే సంస్థ ఒక్కో సంభాషణకు 40 నిమిషాలు పెట్టుకుంది. పెద్దవాళ్లతో అంతకంటే ఎక్కువసేపు లాగకండి, ఇంకో రోజు వెళ్లండి.

పెద్దవయసు వాళ్లకు తమ పదేళ్ల వయసు నుంచి సుమారు ముప్ఫై ఏళ్ల వయసు మధ్య జరిగినవి మిగతా కాలం కంటే ఎక్కువగా గుర్తుంటాయని మనస్తత్వ శాస్త్రవేత్తలు చెబుతారు. మొదలు అక్కడ పెట్టండి. "నీ జీవితం ఎలా గడిచింది?" అంటే "ఏముందమ్మా, అలా గడిచిపోయింది" అనే సమాధానం వస్తుంది. ప్రశ్న చిన్నదిగా, కంటికి కనపడేదిగా ఉండాలి. చిన్నప్పుడు ఉన్న ఇంటి తలుపు తీయగానే ఏం కనపడేది? రాత్రి ఎవరి పక్కన పడుకునేదానివి? బడికి ఎవరితో వెళ్లేదానివి? నీ చేతికి వచ్చిన మొదటి డబ్బులు ఏం చేశావు? పెళ్లయిన కొత్తల్లో ఆ ఇంట్లో ఎవరంటే భయం? మేము పుట్టాక మానేసిన పని ఏదైనా ఉందా? మళ్లీ మొదలుపెట్టాలని ఎప్పుడైనా అనిపించిందా? నాన్నకు చెప్పకుండా చేసిన పని ఒకటి చెప్పు. ఈ చివరి ప్రశ్నకు నవ్వు ముందొస్తుంది, జవాబు తర్వాత.

వాళ్లు ఆగగానే ఇంకో ప్రశ్న వేయకండి. మనసులో పది లెక్కపెట్టండి. అసలు మాట ఆ ఖాళీలోనే వస్తుంది. ఏడిస్తే రికార్డింగ్ ఆపమంటారేమో అడగండి, మీరే గబుక్కున టాపిక్ మార్చేయకండి.

5. ఒక వస్తువు తీసుకుని కళ్లతో చదవండి

మనుషులు మర్చిపోయినవి వస్తువుల్లో ఉంటాయి. నగలూ మంచి బట్టలూ కాదు, రోజూ వాడి అరగదీసినవి చూడండి.

మా అమ్మమ్మ ఫోన్ నంబర్ల పుస్తకం ఒకటి ఉంది. అరచేతిలో పట్టేంతది, అట్ట ఊడిపోతుంటే రబ్బరు బ్యాండు వేసింది. అక్షరాల వరస లేదు, పిల్లలంతా మొదటి పేజీలోనే. మా చిన్న మావయ్య పేరు పక్కన నంబర్ల మీద నంబర్లు, ఉద్యోగం మారినప్పుడల్లా ఒకటి. పాతదాన్ని చెరిపెయ్యలేదు, మీద ఒక్క గీత గీసి కింద కొత్తది రాసింది. చివరి పేజీల్లో అంకెలు రెండింతలు పెద్దవయ్యాయి, చూపు తగ్గిన రోజులవి. వెనక అట్ట లోపల మనవలందరి బ్లడ్ గ్రూపులు. ఇంకో మూల పేరు లేని నంబరు ఒకటి. మా పిన్ని చేసి చూస్తే అవతల బడిలో చదివినప్పటి స్నేహితురాలు. ఆవిడ ఒకరున్నారని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆవిడ చెబితేనే తెలిసింది, పరుగు పందేల్లో అమ్మమ్మను ఎవరూ అందుకునేవారు కాదని.

"కుటుంబమే లోకంగా బతికింది" అని రాసే బదులు ఆ పుస్తకం ఎలా ఉందో రాస్తే చాలు. వస్తువుని ఎదురుగా పెట్టుకుని ముందు కనపడేదే రాయండి: సైజు, రంగు, ఎక్కడ అరిగింది, ఏం అతికించింది, ఎవరి రాత. అర్థాలు వెతకడం తర్వాత. ఆపైన దాన్ని ఇంట్లోవాళ్లకి చూపించి "ఇదేంటి?" అని అడగండి.

6. అమ్మగా ఒకరు, అమ్మమ్మగా ఇంకొకరు

చాలామంది రాసేటప్పుడు ఈ ఇద్దరినీ కలిపేస్తారు. దాంతో ఒక పేజీ అంతా ఒకటే తీపి. నిజానికి అసలు కథ ఈ తేడాలోనే ఉంటుంది. పిల్లల్ని రూలర్‌తో కొట్టిన మనిషే, మనవడు గోడంతా గీకేస్తే "పోనీలే, సున్నం వేయిద్దాం" అంటుంది. కొడుకు అది చూసి "ఈవిడ మా అమ్మేనా?" అని ముక్కున వేలేసుకుంటాడు. ఎప్పుడు మారింది? ఎందుకు మారింది? బాధ్యత తగ్గిందా, చేతికి తీరిక వచ్చిందా, కొట్టినందుకు లోపల ఎక్కడో బాధ ఉండిపోయిందా? ఆమె ఉంటే ఆమెనే అడగండి. లేకపోతే కొడుకు చెప్పింది ఒక పేరాలో, మనవడు చెప్పింది ఇంకో పేరాలో పక్కపక్కనే పెట్టండి. మధ్యలో మీరు సంధి చేయక్కర్లేదు.

ఒకే సంఘటన గురించి ఇద్దరు రెండు రకాలుగా చెప్పినా అంతే. "అక్క జ్ఞాపకం ఇది, తమ్ముడు మాత్రం ఇలా అంటాడు" అని రాసేయండి.

7. విశేషణాల పని క్రియలకు అప్పగించండి

ఇప్పుడు రాయండి. మొదటి డ్రాఫ్ట్‌లో ఏం వస్తే అది రానివ్వండి. తర్వాత ఎర్ర పెన్ను పట్టుకుని ప్రేమమూర్తి, అంకితభావం, ఆదర్శం లాంటి మాట కనపడిన చోటల్లా గీత గీయండి. పక్కన "అంటే ఏం చేసేది?" అని రాసుకోండి. జవాబు దొరికితే ఆ మాట కొట్టేసి జవాబు పెట్టండి. దొరక్కపోతే మాటనే కొట్టేయండి.

"పిల్లల చదువు కోసం ఎంతో త్యాగం చేసింది" అనే వాక్యం "మా పరీక్షల నెలలో తెల్లవారుజామున నాలుగింటికి మాతో పాటే లేచి, మేము చదువుతున్నంతసేపూ పక్కనే కూర్చుని బట్టలకు గుండీలు కుట్టేది, నిద్రొస్తే లేచి నిలబడి కుట్టేది" అని మారితే, త్యాగం అనే మాట చదివేవాళ్లే అనుకుంటారు.

ఆమె మాటలు ఆమె యాసలోనే ఉంచండి. వ్యాకరణం దిద్దకండి. ఆమె తిట్లు కూడా. ఆమెకు తన కోసం ఇష్టమైనవి ఏవో కనీసం రెండు రాయండి: రేడియోలో ఏం వినేది, ఏ రంగు కట్టుకోనంటే కట్టుకోనంది, ఎవరి మీద జోకులు వేసేది. రెండు కూడా దొరకలేదంటే పోయి ఇంకో ఇద్దరిని అడగాలని అర్థం.

8. చేదు విషయాలు వస్తాయి

మాటలు మానేసిన చెల్లెలు, అప్పులు, నాన్న కోపం, ఆమె చేసిన పక్షపాతం. అన్నీ రాయాలని లేదు, అన్నీ దాచాలనీ లేదు. బతికున్నవాళ్లలో ఎవరికి దెబ్బ తగులుతుంది, ఆమె ఉంటే ఇది చెప్పుకునేదా, అన్న రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలావరకు తేలిపోతుంది. అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో మార్షల్ డ్యూక్, రాబిన్ ఫైవుష్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 'నీకు తెలుసా?' అని మొదలయ్యే 20 ప్రశ్నలతో పిల్లలకు తమ కుటుంబ కథలు ఎంత తెలుసో పరీక్షించారు. ఎక్కువ తెలిసిన పిల్లల్లో ఆత్మవిశ్వాసం ఎక్కువగా కనిపించింది. ఆ ప్రశ్నల్లో ఇంట్లో జరిగిన మంచితో పాటు చెడూ ఉంది. మా వాళ్లు పడ్డారు, లేచారు, మళ్లీ పడ్డారు అనే కథ పిల్లలకు పనికొస్తుంది. అంతా బంగారమే అన్న కథలో వాళ్లకు పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

చివరి జబ్బు గురించి ఒక మాట. అది కొత్త గాయం కాబట్టి పేజీల కొద్దీ వచ్చేస్తుంది. ఎనభై ఏళ్ల జీవితంలో చివరి ఎనిమిది నెలలు సగం పుస్తకం తినేయకూడదు. రాసినదంతా ఉంచుకోండి, మీ కోసం. అందరికీ ఇచ్చే కాపీలో ఒకటి రెండు పేరాలు చాలు. మతిమరుపు జబ్బు వచ్చినవాళ్ల విషయంలో ఇది మరీ ముఖ్యం.

9. పిల్లల్ని కూడా రాయనివ్వండి

చిన్న మనవలతో మాట్లాడేటప్పుడు "నిద్రపోయింది", "ఊరెళ్లింది" అనకుండా "చనిపోయింది" అనే చెప్పమంటారు పిల్లల మానసిక నిపుణులు. లేకపోతే కొందరు పిల్లలు నిద్రకే భయపడతారు, కొందరు తిరిగొస్తుందని ఎదురుచూస్తారు. అమ్మమ్మ గురించి ఏం గుర్తుందో అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టే, తేదీ వేసి, వయసు వేసి రాసుకోండి. "అమ్మమ్మ చెయ్యి మీద చర్మం లాగితే అలాగే నిలబడుతుంది" లాంటి వాక్యం పెద్దవాళ్లెవరూ రాయలేరు. బొమ్మ గీస్తే అదీ పుస్తకంలో పెట్టేయండి.

10. అచ్చుకి ముందు

ఇద్దరికి ఇచ్చి చదివించండి: ఆమెను బాగా ఎరిగినవాళ్లు ఒకరు, అసలు ఎరగనివాళ్లు ఒకరు. మొదటివాళ్లు తప్పులు పడతారు, రెండోవాళ్లు "ఈ పెదనాన్న ఎవరు?" అని అడుగుతారు. వరసలు మనకే తెలుసు కాబట్టి ప్రతి పేరు పక్కన ఆమెకు ఏమవుతారో మొదటిసారి రాయాల్సిందే. ఫొటో కింద ఎడమ నుంచి కుడికి పేర్లు రాయండి, తెలియని మనిషి ఉంటే "తెలియదు" అని రాయండి. ఎవరో ఒకరు గుర్తుపడతారు. ఆమ్లం లేని కాగితం దొరికితే దాని మీదే వేయించండి, చవకరకం కాగితం కొన్నేళ్లకే పసుపెక్కి పెళుసవుతుంది. ఇంటికో కాపీ ఇవ్వండి. చివర నాలుగు ఖాళీ పేజీలు వదిలి, పైన "ఇది తప్పు, అసలు జరిగింది ఇదీ అనిపిస్తే ఇక్కడ రాయండి" అని వేయండి. మొదటి దిద్దుబాటు మా ఇంట్లో పుస్తకం పంచిన సాయంత్రమే వచ్చింది, అమ్మమ్మ పరుగెత్తింది బడి మైదానంలో కాదట, కాలవ గట్టు మీదట.